జరంత అడ్జస్ట్

ఇంగ్లీషు మాటలు మన దగ్గరికి చాలానే వచ్చాయి. కొన్ని ఆఫీసుల్లో ఆగిపోయాయి, కొన్ని బడి గుమ్మం దాటలేదు. ఒక్కటి మాత్రం సిరిసిల్ల సందుసందూ తిరిగి, ఇంటింటి పొయ్యి దగ్గరా పీట వేసుకుని కూర్చుంది. అడ్జస్ట్. బస్సులో ఇద్దరి సీట్లో మూడో మనిషి దూరాలంటే జర అడ్జస్ట్ కావాలి. కొట్లో చిల్లర లేదంటే చాక్లెట్టుతో అడ్జస్ట్ చేసుకోవాలి. జాకెట్టు బిగుతైతే దర్జీ అడ్జస్ట్ చేస్తాడు, సెలవు కావాలంటే తోటి పంతులమ్మ పీరియడు అడ్జస్ట్ చేస్తుంది, కొత్త కోడలికి అత్తింటి కారం మండితే నాలుకే అడ్జస్ట్ అవుతుంది. ఇన్ని చోట్ల తిరిగే ఈ మాటకు ఒక గుణం ఉంది. నీళ్లలాగా ఎప్పుడూ పైనుంచి కిందికే పారుతుంది. సేటు ఆసామితో అంటాడు, ఆసామి పనివాడితో అంటాడు, పనివాడు ఇంటికి పోయి పెళ్లాంతో అంటాడు. ఆమె అనడానికి ఇంట్లో పిల్లి తప్ప ఎవరూ మిగలరు. పిల్లి ఎవరి మాటా వినదు.

ఆ రోజు పొద్దున శారదకు ఆ మాట మామ నోటి నుంచి వినపడింది.

మామ చంద్రయ్య, సేటు ఇచ్చే నూలుతో బట్ట నేయించి ఇచ్చే చిన్న ఆసామి. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆరు సాంచాలున్నాయి. సాంచ అంటే మరమగ్గం. సిరిసిల్లలో మరమగ్గం అని పలికినవాణ్ణి పరాయి ఊరివాడనే అనుకుంటారు. ఆరింటిలో నాలుగు ఆడుతున్నాయి, రెండు నడిపే మనిషి లేక మూలన పడ్డాయి. ఆడే నాలుగింటినీ జీతానికున్న హన్మండ్లు చూసుకుంటాడు. చంద్రయ్యకు మోకాళ్లు అరిగిపోయి నిలబడడం కుదరదు. షెడ్డులో కుర్చీ వేసుకుని ఫోను చూస్తూ పని చేయిస్తాడు. కొడుకు రాజ్‌కుమార్‌కు సాంచాల చప్పుడంటే తలనొప్పి. అందుకని ఆటో నడుపుతున్నాడు, ఆటో ఏదో చప్పుడు చేయనట్టు.

శారద రాజ్‌కుమార్ భార్య. ఆమె చోటు షెడ్డు గుమ్మం పక్కన, కండెల మిషన్ ముందు. కండె అంటే వేలెడంత గొట్టం మీద చుట్టిన దారం. దాన్ని నాడెలో పెడితే నాడె అటూ ఇటూ పరుగెత్తి బట్ట నేస్తుంది. చంద్రయ్య షెడ్డులో నేసేది తెల్లటి లంగాల బట్ట. రంగులద్దుకుని, కుట్టించుకుని, ఎక్కడెక్కడి ఆడవాళ్ల నడుములకో చేరే బట్ట. నేసేది మాత్రం మగవాళ్లు. ఆడవాళ్ల చెయ్యి కండెల దగ్గరే ఆగిపోవాలని ఎవరో ఎప్పుడో అన్నారు. అన్నది ఎవరో ఎవరికీ తెలియదు, మాట మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.

హన్మండ్లు ఫోను చెవికి ఆనించి, రెండో చెవి మూసుకుని బయటికి పరుగెత్తాడు. తిరిగి వచ్చి నాలుగు సాంచాలనూ వరసగా ఆపేశాడు. చప్పుడు ఆగిపోతే షెడ్డులో చెవులు గుయ్యిమన్నాయి.

"కాకా, రాజమణికి నొప్పులు లేషినయట. జగిత్యాల పోతున్న," అన్నాడు. పెళ్లాం పురిటికని పుట్టింట్లో ఉంది. చెప్పులు ఒకటి వేసుకుని రెండోది వెతుకుతున్నాడు.

"ఇప్పుడేందిరా? సేటు వారంలోపట మాల్ అడుగుతున్నడు!"

"నొప్పులకు సేటు సంగతి ఎరికనా కాకా?" అంటూనే సందు మలుపు తిరిగాడు.

చంద్రయ్య పదిమందికి ఫోను చేశాడు. నడిపే చేతులన్నీ ఎక్కడో ఒకచోట నడుపుతూనే ఉన్నాయి. చివరికి ఫోను ఒళ్లో పెట్టుకుని, ఆగిపోయిన సాంచాలనూ కండెలు చుడుతున్న కోడలినీ మార్చి మార్చి చూశాడు. "గుడ్డి కన్న మెల్ల నయం," అని తనలో తాను అనుకున్నాడు గానీ, చప్పుడు లేని షెడ్డులో ఆ మాట శారదకూ వినపడింది.

"శారదా, హన్మండ్లు అచ్చేదాంక జర అడ్జస్ట్ చెయ్యి బిడ్డా. నాలుగూ గాకున్నా రెండన్న ఆడనీ."

శారద గుండె జల్లుమంది. భయంతో కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో, ఈ గుమ్మం పక్కన కూర్చోబెట్టి కండె ఎట్లా పట్టాలో అత్త చూపించిన రోజు నుంచి, ఆమె చూపు చేతి మీద కన్నా ఎదురుగా పెరుగుతున్న తెల్ల బట్ట మీదే ఉండేది. తను చుట్టిన దారం నాడెలోకి పోతుంది, బట్టయి రోలరు మీదికి ఎక్కుతుంది, తను మాత్రం గుమ్మం దగ్గరే ఉంటుంది. ఏ సాంచ సరిగా ఆడుతోందో, ఏది కుంటుతోందో కళ్లు మూసుకుని చెప్పగలదు. ఒక్కసారి అక్కడ నిలబడి హ్యాండిల్ లాగాలని, తన చేతి కింద బట్ట పెరగడం చూడాలని ఆమెకు ఎంత ఆశో! ఆశ అని చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడేంత ఆశ. పట్టుచీర అడిగినా ఎవరూ నవ్వరు, సాంచ అడిగితే నవ్వుతారు.

"సరే మామా," అంది, ఏదో కష్టం నెత్తిన పడ్డట్టు మొహం పెట్టి.

*

భర్త పాత చొక్కా ఒకటి చీర మీద తొడుక్కుని, కొంగు లోపలికి దోపుకుంది. సాంచను తిప్పే పట్టా కొంగును లాగిందంటే మనిషిని కూడా లాగుతుంది.

మొదటి సాంచ హ్యాండిల్ పట్టుకుంటే ఇనుము చల్లగా తగిలింది. లాగింది. అది సగం దూరం వచ్చి ఆగిపోయింది. హన్మండ్లు ఆరడుగుల మనిషి, శారద అతని భుజం దాకా కూడా రాదు. పూర్తిగా లాగాలంటే ఆమె మునివేళ్ల మీద లేవాలి. లేచి లాగింది. సాంచ ఒక్క కుదుపుతో మొదలై, నాడె టకటకమని పరుగందుకుంది. ఆ చప్పుడు గుమ్మం దగ్గర విన్నట్టు లేదు. పాదాల్లోంచి ఎక్కి పళ్లదాకా వచ్చింది. నవ్వొచ్చింది శారదకు. ఆ మోతలో నవ్వితే ఎవరికీ వినపడదని ఇంకా గట్టిగా నవ్వింది.

ఆ సంబరం ఎంతోసేపు లేదు. నిలువు పోగు ఒకటి తెగింది. తెగిన పోగును వెతికి పట్టుకుని, ముడివేసి, కొక్కెంతో, పోగులను విడదీసే అచ్చు సందులోంచి ఇవతలికి లాగాలి. ముడి వేయడం ఆమెకు చిన్న పనే. అందుకోవడమే పెద్ద పని. సాంచ మీదికి వంగితే కడుపులో ఇనుప పట్టీ గుచ్చుకుంటోంది, చెయ్యి పోగుకు జానెడు దూరంలో ఆగిపోతోంది. చివరికి సాంచ కాలి మీద ఎక్కి, బల్లిలాగా అతుక్కుని పోగు పట్టుకుంది. దిగేలోపు రెండో సాంచలో కండె అయిపోయి, నాడె ఉత్తగా తిరుగుతోంది.

మధ్యాహ్నానికి మోకాళ్లు కొట్టుకుపోయాయి, పిక్కలు పట్టేశాయి. అయినా ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే దిగిపొమ్మంటారని భయం.

అత్త అంజవ్వ అన్నానికి పిలవడానికి వచ్చి, సాంచ మీద ఎక్కి ఉన్న కోడలిని చూసి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"అయ్యో, కోతి లెక్క గదేం ఎక్కుడే! నలుగురు చూస్తే ఏమనుకుంటరు?"

"నలుగురు ఇక్కడికెందుకొస్తరు అత్తా?" అంది శారద పైనుంచే.

"నోరొకటి. మామ చెప్పిండని జర అడ్జస్ట్ చేస్తున్నవ్, గంతే. ఎక్కువ పానం పెట్టుకోకు దానిమీద. హన్మండ్లు రేపో మాపో అస్తడు." అంజవ్వ జీవితంలో ఎక్కువసార్లు పలికిన మాట దేవుడి పేరా, అడ్జస్టా అని పందెం వేస్తే దేవుడు ఓడిపోతాడు.

ఆ సాయంత్రం మూడో సాంచ పట్టా జారుతోందని చంద్రయ్య బుర్హానుద్దీన్‌ను పిలిపించాడు. బుర్హానుద్దీన్ ఆ వాడలో సాంచాల మెకానిక్. గడ్డం నెరిసినా చేతి పట్టు నెరవలేదు. పట్టా బిగించి, పానా తుడుచుకుంటూ, పక్క సాంచ దగ్గర మునివేళ్ల మీద లేచి హ్యాండిల్ లాగుతున్న శారదను చూశాడు. కాసేపు చూసి, సైకిలు మీద వెళ్లిపోయాడు. కొంతసేపటికి తిరిగి వచ్చాడు. సైకిలు వెనక ఒక మందపాటి చెక్క, చేతిలో మూరెడు పైపు ముక్క.

"జర పక్కకు జరుగు బిడ్డా."

చెక్కను సాంచ ముందు వేసి, కింద రెండు ఇటుకలు పెట్టి కదలకుండా బిగించాడు. పైపు ముక్కను హ్యాండిల్‌కు తొడిగి నట్టు వేశాడు. వేలాడే ట్యూబులైటును కూడా తాడు వదిలి కిందికి దించాడు.

"ఇప్పుడు గుంజు."

శారద చెక్క మీద నిలబడింది. మడమలు ఆనాయి. చెయ్యి చాపితే హ్యాండిల్ చేతిలోకే వచ్చింది. లాగితే సాంచ మాట విన్నట్టు కదిలింది.

"గిదేంది చాచా, నాకోసం మిషన్నే మార్చినవా?"

"మార్చుడేంది, అడ్జస్ట్ చేసిన. మిషన్ అన్నంక మనిషికి తగ్గట్టు అడ్జస్ట్ చెయ్యాలె. మనిషిని మిషన్‌కు తగ్గట్టు చేస్తే ఎముకలు ఇరుగుతయి," అని బుర్హానుద్దీన్ మామూలుగా చెప్పేసి, చంద్రయ్య దగ్గర చాయ్ తాగడానికి పోయాడు.

శారద చాలాసేపు ఆ చెక్క మీద అట్లాగే నిలబడింది. పుట్టింట్లో అక్కకు చిన్నవైన బట్టలు తొడుక్కుంది. అత్తింట్లో అందరూ తిన్నాక మిగిలిన కూరకు తగ్గట్టు ఆకలి సర్దుకుంది. రాజ్‌కుమార్ కోపాన్ని బట్టి గొంతు తగ్గించుకుంది. ఆ మాట వేల సార్లు విన్నది. కానీ ఒక వస్తువు తన కోసం, తన ఎత్తు చూసి, సర్దుకోవడం ఇదే మొదలు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరైనా అడిగితే దూది నలుసు పడిందని చెబుదామనుకుంది. ఎవరూ అడగలేదు.

*

తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో ఆమెకు తెలియలేదు. తెల్లవారకముందే లేచి ఆ రోజుకు కావలసిన కండెలు చుట్టుకునేది, ఆ తర్వాత సాంచాలెక్కేది. రెండు పోయి మూడయ్యాయి, మూడు నాలుగయ్యాయి. వాటికీ బుర్హానుద్దీన్ చెక్కలు వేసి, పైపులు తొడిగి ఇచ్చాడు. ఒక సాంచలో కండె మారుస్తూనే రెండోదాని చప్పుడు వినడం, మూడోదాని పోగు మీద చూపు వేయడం చేతికొచ్చింది. బట్టలో మొదట్లో రెండు చోట్ల సన్నని చారలు పడ్డాయి, తర్వాత పడలేదు. సాయంత్రం తను నేసిన బట్టను రోలరు మీద అరచేత్తో నిమిరి చూసుకునేది. నిమరడం ఎవరూ చూడకుండా చూసుకునేది.

అన్నం వేళ సాంచాలు ఆపినప్పుడు ఆమె చూపు మూలకు పోయేది. ఆడని ఆ రెండు సాంచాల మీద గోనెసంచులు, ఉల్లిగడ్డలు, రాజ్‌కుమార్ ఆటో పాత సీటు, అన్నీ పడి ఉన్నాయి. ఒకరోజు సీటు తీసి కింద పెట్టింది. ఇంకోరోజు ఉల్లిగడ్డలు ఇంట్లోకి మోసింది. ఆ మరునాడు నూనె గుడ్డతో తుప్పు తుడుస్తుంటే అంజవ్వ చూసింది.

"దానికెందుకే అలంకారం? పెండ్లి చేస్తవా ఏంది?"

శారద చెయ్యి ఆగలేదు. "హన్మండ్లన్న అచ్చినంక ఆ నాలుగు ఆయినె నడుపుకుంటడు కదా అత్తా. ఈ రెండు ఉత్తగనే ఉన్నయి."

"ఉంటే?"

"నేను నడుపుత."

అంజవ్వ నవ్వలేదు. నవ్వుతుందనే శారద అనుకుంది, అందుకే గుడ్డలోకి చూస్తూ అన్నది. అంజవ్వ చీర చెంగుతో మొహం తుడుచుకుని, "మీ మామ ఒప్పడు. నాకు చెప్పినవ్ గని ఆయినకు చెప్పకు. ఉన్నదాంట్ల అడ్జస్ట్ కావాలె," అని లోపలికి పోయింది. ఆ పోవడంలో రోజూ ఉండే విసురు లేదని శారదకు అనిపించింది. అనిపించడమే, అంతకుమించి అర్థం కాలేదు.

*

హన్మండ్లు శారద అనుకున్నదాని కన్నా ముందే వచ్చాడు, పేడా డబ్బాతో. ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు. శారద నిజంగానే సంతోషపడింది, పేడా కూడా తిన్నది. కానీ అతను చొక్కా విప్పి కొక్కానికి తగిలించి సాంచాల వైపు నడుస్తుంటే, చేతిలో మిగిలిన పేడా ముక్కను డబ్బాలో పెట్టేసింది.

"మాల్ మంచిగనే ఉన్నది వదినా," అన్నాడు హన్మండ్లు బట్ట చూస్తూ. మంచివాడు, మెచ్చుకోవడానికి వెనకాడడు. కానీ చెక్క మీద కాలు పెట్టగానే అతని తల ట్యూబులైటుకు కొట్టుకుంది, పైపు ముక్క మోకాలికి తగిలింది. "అబ్బ, గిదెవ్వడు పెట్టిండు?" అంటూ తనే పానా తెచ్చి అన్ని పైపులూ విప్పాడు, చెక్కలు తీసి గోడకు ఆనించాడు, ట్యూబులైటు తాడు పైకి లాగి కట్టాడు. చప్పున అయిపోయిన పని. అందులో అతని తప్పేమీ లేదు. అతని పొట్టకూడు అది, అతని ఎత్తు అంత. అయినా ఆ పైపులు నేల మీద పడి మోగుతుంటే శారద మొహం తిప్పుకుంది.

ఏరు దాటినాక తెప్పతో ఎవరికి పని? చంద్రయ్య కోడలి వైపు చూసి, "కండెలు అయిపోయినట్టున్నయి బిడ్డా," అన్నాడు.

శారద గుమ్మం పక్కకు పోలేదు. కుర్చీ ముందు నిలబడింది.

"మామా, ఆ మూల రెండు సాంచాలు నాకియ్యి. నేను నడుపుత."

హన్మండ్లు హ్యాండిల్ లాగబోయి ఆగాడు.

చంద్రయ్యకు కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. చిన్నపిల్ల చందమామ కావాలంటే నవ్వినట్టు నవ్వాడు. "నడుపుతవ్, సరే. కండెలెవలు చుడుతరు? ఆరు సాంచాలకు కండెలంటే మాటలా? మనిషిని పెట్టుకోవాలె. ఆడిమనిషి సాంచ ఆడిస్తుందంటే వాడకట్టు ఏమంటది? ఏదో కష్టకాలమని నాలుగు రోజులు అడ్జస్ట్ అయినం గని, గదే కాయం చేస్తరా ఎక్కడన్న?"

సాయంత్రం ఆటో పెట్టి వచ్చిన రాజ్‌కుమార్‌తో కూడా చెప్పి చూసింది. అతను కాళ్లు కడుక్కుంటూ విన్నాడు. "బాపుతోటి నేనెట్ల అంట? నేను సాంచ ఇడిసిపెట్టినోన్ని. నాకు మొకమున్నదా అడిగేటందుకు? జర అడ్జస్ట్ కా. తర్వాత చూద్దాం." తర్వాత అనే రోజు క్యాలెండర్లో ఎక్కడా ఉండదని శారదకు తెలుసు.

మర్నాటి నుంచి గుమ్మం పక్కనే కూర్చుంది. కండెలు చుట్టింది. తలెత్తి బట్ట వైపు చూడడం మానేసింది. చూస్తే ఏడుపొస్తుందని.

*

పిల్లకు పురుడు చేసే రోజు అత్తాకోడళ్లు జగిత్యాల బయలుదేరారు. పిల్లకు గౌను, బాలింతకు చీర, ఎండు కొబ్బరి కుడుకలు పట్టుకున్నారు. వేములవాడ దాటాక బస్సు కిటకిటలాడింది. ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు తీసేసినప్పటి నుంచి బస్సులో మగవాళ్లే మొహమాటంగా నిలబడుతున్నారు. "జర అడ్జస్ట్ కాండ్రమ్మా," అని కండక్టరు ఇంకొకామెను వాళ్ల సీట్లోకి తోశాడు. శారద మాట్లాడకుండా కిటికీకి అతుక్కుపోయింది. కోరుట్లలోని అమ్మగారింటికి పోయేటప్పుడు ఇదే దారిలో ఎప్పుడూ ఏదో ఒకటి వాగుతూ కూర్చునే కోడలు, ఇప్పుడు బయటి పసుపు చేలను చూస్తోంది గానీ చూడడం లేదని అంజవ్వకు తెలిసిపోతోంది.

హన్మండ్లు అత్తగారిల్లు చిన్నది. ఇంటి నిండా చుట్టాలు. మంచం మీద రాజమణి పాలిపోయి, నవ్వుతూ, పిల్లను ఒళ్లో పెట్టుకుని ఉంది. పిల్ల పిడికిళ్లు బిగించి నిద్రపోతోంది. అంజవ్వ పిల్లను రెండు చేతుల్లోకి తీసుకుని, "బంగారమోలె ఉన్నది," అంది.

రాజమణి తల్లి గంజి గిన్నె పట్టుకుని వస్తూ నిట్టూర్చింది. "ఏం బంగారం అక్కా. మొదటిది మగపిల్లగాడైతే నిమ్మళముంటుండె. ఆడిపిల్లాయె. ఏం జేస్తం, అడ్జస్ట్ కావాలె."

చుట్టాల్లో ఒకరిద్దరు అవునన్నట్టు తలలూపారు. రాజమణి నవ్వు సగంలో ఆపి, పిల్ల కోసం చేతులు చాపింది. అంజవ్వ పిల్లను ఇవ్వలేదు. ఇంకా పేరు కూడా పెట్టని, కళ్లు కూడా సరిగా తెరవని ఆ పిల్ల మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. అంజవ్వ తన బతుకంతా పలికిన మాటే అది. కోడలితో అంది, కూతుళ్లతో అంది, తనతో తాను ఎక్కువ అంది. ఈ ఒళ్లోని పిల్ల మీద పడితే మాత్రం ఆ మాట ఆమెకు తప్పుగా వినపడింది.

"పిల్లతోటి అడ్జస్ట్ గావుడేంది చెల్లె?" అంది చివరికి, నెమ్మదిగానే. "పుట్టిన పిల్లకు చోటియ్యాలె." పిల్లను రాజమణి చేతుల్లో పెట్టింది. ఎవరో ఫ్యాను వేయమన్నారు, ఎవరో చాయ్ అడిగారు.

తిరుగు బస్సులో అంజవ్వ చాలాదూరం కళ్లు మూసుకుని కూర్చుంది. నిద్రపోయిందని శారద అనుకుంది. ఉన్నట్టుండి కళ్లు తెరవకుండానే అడిగింది.

"ఆ మూల సాంచాలు తిరుగుతయా ఇంక? తుప్పు పట్టినయి కదా."

"బుర్హాన్ చాచా చేస్తే తిరుగుతయి," అంది శారద. ఆశ పెట్టుకోకూడదని గట్టిగా అనుకుని, మళ్లీ కిటికీ వైపు తిరిగింది. ఆశ మాత్రం ఆమెను అడిగి రాలేదు.

*

మర్నాడు శారద అంట్లు తోమి షెడ్డులోకి పోయేసరికి ఆమె చోటులో అంజవ్వ కూర్చుని ఉంది. కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, నడుం సగానికి వంచి, కండెలు చుడుతోంది. మూలన బుర్హానుద్దీన్ నేల మీద కూర్చుని ఒక సాంచ పొట్టలో చెయ్యి పెట్టి ఏదో తిప్పుతున్నాడు. తల్లి చెప్పిందని రాజ్‌కుమార్ ఆటోలో అతణ్ణి తెచ్చి దించి, బాపు కంట పడకుండా ఆటోలోనే కూర్చున్నాడు.

చంద్రయ్య కుర్చీలోంచి అరుస్తున్నాడు. "ఎవ్వలు పిలిపించిండ్రు? నాకు చెప్పాలె కదా?"

"చెప్పేటందుకే చాయ్ పట్టుకొని అచ్చిన. నువ్వు ఫోన్ల ఉంటివి," అంది అంజవ్వ తలెత్తకుండా.

"అరె చంద్రయ్యా, హ్యాండిల్ ఎవరి ఎత్తుకు పెట్టాలె?" అని బుర్హానుద్దీన్ మూలనుంచి అడిగాడు.

చంద్రయ్య నోరు తెరిచేలోపే అంజవ్వ అంది. "శారద ఎత్తుకు."

శారద గుమ్మంలోనే నిలబడిపోయింది. మామ వద్దంటే ఇక్కడితో అయిపోతుంది. చంద్రయ్య కోడలిని చూశాడు, పెళ్లాన్ని చూశాడు. హన్మండ్లును సాయం అడగబోయినట్టు అటు తిరిగాడు. హన్మండ్లు నాడెలో కండె సర్దుకోవడంలో మునిగిపోయాడు. మునిగిపోయేంత పని అందులో లేదు.

"తిరిగితే చూద్దాం," అని గొణిగాడు చంద్రయ్య.

పొద్దెక్కేసరికి ఒక సాంచ తిరిగింది. మొదట మూలిగింది, తర్వాత దగ్గింది, ఆ తర్వాత దారిలో పడింది. శారద దాని ముందు నిలబడింది. మడమలు నేల మీదే ఉన్నాయి. తెల్ల బట్ట బొటనవేలంత పెరిగింది, అరచేయంత పెరిగింది. ఆమె దాన్ని చూస్తూ ఏడ్చింది. ఈసారి నలుసు అబద్ధం కూడా ఆలోచించుకోలేదు.

కానీ గుమ్మం వైపు చూస్తే ఆ సంతోషం చేదయింది. అంజవ్వ ఒక్కొక్క కండెకూ నడుం పట్టుకుంటోంది. దారం కనపడక కండె కళ్లకు ఆనించుకుంటోంది. పడిన ముడిని విప్పలేక పళ్లతో కొరుకుతోంది. తన చోటు ఖాళీ కావడానికి ఇంకో ఆడమనిషి నడుం వంగింది కదా అని శారదకు అనిపించి, హ్యాండిల్ మీద చెయ్యి బరువెక్కింది. ఆపేసి పోయి అత్తను లేపుదామా అనుకుంది. అప్పటికే చంద్రయ్య కుర్చీ కాళ్లు గీసుకుంటున్న చప్పుడయింది.

అతను కుర్చీని ఈడ్చుకుంటూ కండెల మిషన్ దగ్గరికి వచ్చాడు. "లే," అన్నాడు పెళ్లాంతో.

"ఎందుకు?"

"కండ్లు కనవడ్తలేవు నీకు. అన్ని ముడులే. నా మాల్ ఖరాబ్ అయితది. లే."

"నీకు మోకాళ్ల నొప్పులాయె."

"నిలబడితే నొప్పి. కూసుంటే ఏం నొప్పి?" అనేశాడు. అనేశాక ఆ మాట తనకే కొత్తగా వినపడినట్టు ఒక క్షణం ఆగాడు. అన్నేళ్లు ఆ కుర్చీలో కూర్చునే ఉన్నాడు. కండెలు కూర్చుని చేసే పనేనని ఆ ఇంట్లో మగవాడికి ఎవరికీ తోచలేదు.

అంజవ్వ మెల్లగా లేచి, నడుం నిమురుకుంటూ లోపలికి పోయింది. బుర్హానుద్దీన్ గడ్డంలో నవ్వుకుని రెండో సాంచ వైపు తిరిగాడు.

చంద్రయ్య గొట్టం ఎక్కించాడు, దారం చుట్టి మిషన్ ఆన్ చేశాడు. వీధి గుమ్మం వైపు రెండుసార్లు చూశాడు. ఒక కండె అయ్యాక దాన్ని తనే తెచ్చి కోడలి చేతిలో పెట్టాడు. నడుస్తుంటే మోకాలు పట్టేసింది, అయినా తెచ్చాడు.

శారద కండెను వేళ్ల మధ్య తిప్పి చూసింది. కింద లావు, పైన సన్నం, మధ్యలో వదులు. నాడెలో పెడితే రెండు పరుగుల్లో దారం కుప్పగా జారిపోతుంది, పక్కనున్న పోగులు తెగుతాయి. మామ చుట్టిన మొదటి కండె. ఆ ఇంటి పెద్ద ఆమెకు ఏదైనా చేసిపెట్టడం అదే మొదలు.

"ఎట్లున్నది?" అన్నాడు చంద్రయ్య.

"వదులయింది మామా."

"కొత్త కదా. ఈ ఒక్కటి జర అడ్జస్ట్ చేస్కో బిడ్డా."

శారద సాంచ ఆపింది. మామ మొహం చూసింది, కండెను చూసింది.

"నడ్వదు మామా. బట్ట పాడయితది. మల్ల చుట్టు," అని కండెను అతని చేతిలో పెట్టేసింది.

షెడ్డులో అందరూ విన్నారు. చంద్రయ్య మొహం ఎర్రబడింది. కండెను వేళ్ల మధ్య నొక్కి చూశాడు. నలభై ఏళ్లు బట్టతో బతికినవాడు, వదులు కండెను వదులు కాదని అనలేకపోయాడు. గుమ్మం పక్కకు కుంటుకుంటూ పోయి, కుర్చీలో కూర్చుని, చుట్టిన దారాన్ని మొదటి నుంచీ విప్పసాగాడు.